దేవుడే అయితే తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఎందుకుండాలి?

యేసు నిజంగా దేవుడే అయితే ఒక స్త్రీ గర్భంలో పెరిగి పసిబిడ్డగా పుట్టవలసిన అవసరం ఏమిటని, తండ్రి లేకుండా పుట్టిన అద్భుతమే క్రిస్మస్‌కు అసలు అర్థమా అని, ఇది రాముడు, కృష్ణుడు పుట్టినట్టేనా అని మీరు అడిగారు. రెండవ ప్రశ్నకు కాదని ముందే చెప్పి, మొదటిదాని గురించే ఎక్కువ రాస్తాను. దానికి నాకు తృప్తినిచ్చిన జవాబు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు. కడప జిల్లాలోని మా ఊరి గుడిలో, ఒక క్రిస్మస్ నాటకం రిహార్సల్లో దొరికింది.

మా పెద్దమ్మ జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకొని, ఆ తరువాత చాలా కాలం చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చేసింది. ఆ ఏడాది మా యూత్ వాళ్ళు పశువుల తొట్టిలో బొమ్మకు బదులు నిజమైన పసిబిడ్డను పడుకోబెడదామనుకున్నారు. రిహార్సల్లో ఆ బిడ్డ గుడి కప్పు ఎగిరిపోయేటట్టు ఏడ్చాడు. దేవుని కుమారుడు అలా గుక్కపట్టి ఏడుస్తూ కనిపిస్తే జనం నవ్వుతారని, బొమ్మనే పెట్టి గడ్డి కింద ఒక పచ్చబల్బు వెలిగిస్తే గంభీరంగా ఉంటుందని సంఘ పెద్ద ఒకాయన తీర్పు చెప్పాడు. వెనుక బెంచీలో కూర్చుని గొర్రెల కాపరుల వేషాలకు తలపాగాలు కుడుతున్న పెద్దమ్మ సూది పక్కన పెట్టి లేచింది.

"ఏడ్సని బిడ్డ యాడన్నా ఉంటాడా నాయనా? పుట్టినోడు ఏడ్సకపోతే మాకు కాళ్లూ సేతులూ ఆడవు. ఈపు రుద్ది, అరికాళ్లు తట్టి, ఎట్లోకట్ల ఏడిపిస్తాం. ఆ ఏడుపు ఇనపడినాకనే తల్లికి బిడ్డ బతికినాడని చెప్తాం."

"ఆయన దేవుడు గదక్కా," అన్నాడు సంఘ పెద్ద.

"దేవుడే, కాదన్లా. అయితే ఆయప్ప పూర్తిగా పుట్టినాడు. మీరు సగమే పుట్టిస్తాండారు."

కమిటీ తీర్మానం ముందు ఆమె మాట నిలవలేదు, ఆ క్రిస్మస్‌కు కూడా బొమ్మా బల్బే వచ్చాయి. అయినా ఆ "సగం పుట్టించడం" అన్న మాటలో మొదటి ఐదు శతాబ్దాల సంఘ చరిత్ర అంతా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. క్రీస్తుకు నిజమైన దేహం లేదు, ఉన్నట్టు కనిపించిందంతే అని బోధించినవారు రెండవ శతాబ్దపు ఆరంభానికే ఉన్నారు. విశ్వాసం కోసం చావడానికి, అంటే హతసాక్షిగా, రోముకు పోతూ అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ రాసిన లేఖలలో, క్రీస్తు నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, తాగాడు అని పట్టుబట్టి చెప్పింది వారికి జవాబుగానే. ఆ తరువాత అరియుస్ అనే బోధకుడు ఇంకో వైపు నుండి వచ్చి, కుమారుడు సృష్టింపబడినవాడే గాని తండ్రితో సమానుడు కాడన్నాడు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ దానిని తోసిపుచ్చింది. చివరకు 451లో కాల్సెడాన్ సభ ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని, ఆ రెండూ కలగాపులగం కాకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయని తేల్చింది. వీటన్నిటి మధ్య నాలుగవ శతాబ్దంలో నజియాంజుకు చెందిన గ్రెగరీ అనే బిషప్పు చెప్పిన మాట నర్సులకు వెంటనే అర్థమవుతుంది: క్రీస్తు దేనిని తన మీద వేసుకోలేదో అది స్వస్థపడలేదు. కడుపులో ఉండడం, పాలు తాగడం, నడక నేర్చుకోవడం, పని చేసి అలసిపోవడం, చావడం, వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా మన బతుకులో ఆ భాగం దేవుడు ముట్టుకోనిదిగా మిగిలిపోతుంది. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇంతే.

ఇక కన్య గర్భం ధరించడం. ఆరాధనలో అందరం కలిసి పలికే విశ్వాస ప్రమాణంలో దానిని నేను మనస్ఫూర్తిగానే పలుకుతాను. కానీ సువార్తలు రాసిన నలుగురిలో ఆ సంగతి మత్తయి, లూకా మాత్రమే వివరించారు. మార్కు సువార్తలో జనన వృత్తాంతమే లేదు, యోహాను "ఆ వాక్యము శరీరధారియై" అని చెప్పి ముందుకు సాగిపోయాడు, పౌలు గలతీయులకు రాస్తూ "స్త్రీయందు పుట్టి" అన్న దగ్గర ఆగాడు. వచ్చినవాడు ఎవరో చూపించే గుర్తు అది, వచ్చి ఆయన చేసిన పని వేరు. మా వైపు కొందరు బోధకులు డిసెంబరు నెలంతా తండ్రి లేకుండా బల్లి పిల్లలు పుట్టిన కథలు చెప్పి, సైన్సు కూడా ఒప్పుకుంటోందని చప్పట్లు కొట్టించుకుంటారు. బల్లులు చేయగలిగిన పనే దేవుడు చేశాడని నిరూపిస్తే విశ్వాసానికి ఒరిగేదేమిటో నాకు ఇప్పటికీ బోధపడదు.

వాళ్ళు దాటిపోయే సంగతి లూకా రెండవ అధ్యాయంలోనే ఉంది. బాలింత శుద్ధి కోసం తల్లి ఒక గొర్రెపిల్లను తేవాలని, అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవాలని లేవీయకాండము 12వ అధ్యాయం చెబుతుంది. మరియ యోసేపులు తెచ్చింది ఈ రెండవ రకం అర్పణ. ఆయన పుట్టిన కబురు మొదట అందుకున్నవారు కూడా రాత్రిపూట పొలంలో మంద కాచుకునేవారు. కోతలైన చేలలో ఎరువు కోసం గొర్రెల మందను నిలిపి, దాని పక్కనే గొంగడి కప్పుకొని పడుకునే మనుషులను చూసిన మన సీమవాళ్ళకు ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేదు. అయినా మన వేదికల మీద కాపరులు మెరిసే శాటిన్ బట్టల్లో వస్తారు, కేకు కోయడానికి నాయకులను ముందు వరుసలో కూర్చోబెడతారు, మంద కాచుకునే మనిషి గేటు దగ్గర నిలబడతాడు.

రాముడు, కృష్ణుడు అన్న మాటకు వస్తే, ఒంటిమిట్ట కల్యాణానికి ఏటా వెళ్ళే స్నేహితులు నాకున్నారు, వారి భక్తిని తూచే పని నాది కాదు. తేడా మాత్రం చెప్పగలను. అవసరమైన ప్రతి యుగంలోనూ వస్తానని గీతలో కృష్ణుడు అన్నాడు. క్రైస్తవ విశ్వాసం దేవుడు మనిషిగా ఒక్కసారే పుట్టాడని, ఆ మానవత్వాన్ని ఇక ఎన్నటికీ విడిచిపెట్టలేదని చెబుతుంది. పునరుత్థానుడైన తరువాత కూడా శిష్యులకు చేతులు, కాళ్లు చూపి, వారి ముందే కాల్చిన చేప ముక్క తిన్నాడని లూకా రాశాడు. మరియమ్మ కన్న ఆ దేహంతోనే ఆయన పరలోకానికి వెళ్లాడు. ఈస్టరుతో కలిపి లెక్కిస్తే 40వ రోజున వచ్చే ఆరోహణ పండుగ చెప్పేది ఇదే, కాకపోతే అది గురువారం నాడు వస్తుంది. క్రిస్మస్‌కు చోటు చాలక బయట షామియానా వేయించే మా గుడిలో ఆ రోజు ముందు రెండు బెంచీలు కూడా నిండవు.