లాయం ప్రశ్నలు: దూరం వెళ్లే గుర్రం కాళ్లకు ఏం కట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. లారీలోనో ట్రైలర్‌లోనో గుర్రాన్ని దూరం పంపేటప్పుడు కాళ్లు దెబ్బతినకుండా ఏం చేయాలని అడిగారు. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలే కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఆరేళ్ల గుర్రాన్ని దాదాపు 14 గంటల దూరం పంపాలి. దూది వేసి పట్టీలు చుట్టమని కొందరు, వెల్‌క్రో బూట్లు చాలని కొందరు చెబుతున్నారు. లారీ డ్రైవరేమో అసలేమీ కట్టొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: డ్రైవరు మాటను కొట్టిపారేయకండి. దారిలో కట్టు జారితే మళ్లీ కట్టే మనిషి వెంట లేనప్పుడు వట్టి కాళ్లే మేలు. జారిన పట్టీ గిట్టల మధ్య పడుతుంది. గుర్రం దాన్ని ఒక కాలితో తొక్కి, ఇంకో కాలు లాక్కోబోయి తూలుతుంది. అసలు కట్టే లేకపోతే చర్మమో గిట్ట అంచో తెగొచ్చు. జారిన కట్టు వల్ల గుర్రమే పడిపోవచ్చు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏం కట్టాలన్నది కాదు, దారిలో ఎవరు చూస్తారన్నది. పట్టీ కట్టడం తెలిసిన సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) వెంట ఉండి, నాలుగు గంటలకోసారి బండి ఆపి కాళ్లు చూడగలిగితే దూది పట్టీలే మంచి రక్షణ. చూడగలిగినా కట్టడం రాని మనిషైతే వెల్‌క్రో బూట్లు ఇచ్చి పంపండి. ఊడినా మళ్లీ అతికించడం ఎవరికైనా వస్తుంది. బూట్లలో పొట్టివి వద్దు. మోకాలి కింది నుంచి గిట్ట పై అంచు దాకా కప్పాలి, వెనక మడమ ఉబ్బులు కూడా లోపలే ఉండాలి. ప్రయాణంలో ఎక్కువగా తెగేది ఆ అంచే. ఒక గిట్ట ఇంకో గిట్ట మీద పడితే అక్కడే పడుతుంది. గిట్ట పెరిగేది కూడా అక్కడి నుంచే కాబట్టి, లోతైన గాయమైతే కొత్తగా పెరిగే గిట్టలో పగులు నిలిచిపోవచ్చు.

వేడి సంగతి కూడా చూసుకోండి. ఎండలో గాలి ఆడని బండిలో మందపాటి కట్టు కింద కాలు చెమట పట్టి ఉడికిపోతుంది. అలాంటి రోజున రాత్రి ప్రయాణం పెట్టుకోవడం, లేదా ముందుకాళ్లకు గిట్టను గంటలా కప్పే బెల్ బూట్లు మాత్రమే వేసి పంపడం నయం. ఇంకో మాట. 12 గంటలు దాటే ప్రయాణాన్ని ఒక్క బిగిన చేయించకండి. మధ్యలో దించి, కట్లన్నీ విప్పి, రాత్రి విశ్రాంతి ఇచ్చి, మర్నాడు కొత్తగా కట్టి ఎక్కించండి.

ప్రశ్న: చుట్టిన గంటకే మా పట్టీలు జారిపోతున్నాయి. సరిగ్గా ఎలా చుట్టాలి?

జవాబు: చాలాసార్లు లోపం పట్టీలో ఉండదు, లోపలి దూదిలో ఉంటుంది. గుర్రం కాలికి మోకాలి కింద కండ ఉండదు. ముందు ఎముక, వెనక టెండన్లు (కండను ఎముకకు కలిపే గట్టి తాళ్లు), వాటి మీద పల్చటి చర్మం, అంతే. దూది పలచగా ఉంటే ఎంత బిగించినా ఆ ఒత్తిడి నేరుగా టెండన్ మీద పడుతుంది. అది తెలిసి భయపడి వదులుగా చుడితే జారుతుంది. దూది పరుపు కనీసం 2.5 సెంటీమీటర్ల మందం ఉంటేనే నిలిచేటట్టు బిగించగలం, ఆ బిగువు కాలంతటా సమంగా పరుచుకుంటుంది. పట్టీ 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పుది తీసుకోండి. ఇరుకు పట్టీ తాడులా కోస్తుంది.

కాలు పొడిగా ఉండాలి. మట్టి, గడ్డిపరకలు దులిపేయండి. లోపల ఒక్క పరక ఉండిపోయినా గంటల తరబడి రాపిడికి చర్మం లేచిపోతుంది. కాలి పక్కన గొంతుక్కూర్చోండి, మోకాళ్ల మీద వద్దు. గుర్రం ఉలిక్కిపడితే తప్పుకోగలగాలి.

దూది అంచును ఎముకకూ టెండన్‌కూ మధ్యనున్న పక్క గాడిలో ఆనించి ముడతల్లేకుండా చుట్టండి. అంచు టెండన్ మీదికి వస్తే అది కట్టు కింద గట్టులా నిలబడి ఒత్తుతుంది. తర్వాత పట్టీ కొసను దూది అంచు కింద దోపి, కాలి మధ్య భాగంలో మొదలుపెట్టండి. దిశ ముందు నుంచి బయటివైపుకు, అక్కడి నుంచి వెనక్కి. అంటే పైనుంచి చూస్తే ఎడమ కాళ్లకు గడియారం ముల్లుకు ఎదురుగా, కుడి కాళ్లకు ముల్లు తిరిగే వైపు. దూదినీ పట్టీనీ ఒకే దిశలో తిప్పాలి. ఎదురుబొదురుగా తిప్పితే పట్టీ లాగినప్పుడల్లా లోపల దూది విచ్చుకుంటుంది.

ప్రతి చుట్టూ ముందటి చుట్టును సగం కప్పుతూ కిందికి దిగాలి. పట్టీని లాగాల్సింది ముందున్న ఎముక మీదుగా పోయేటప్పుడు. వెనక టెండన్ మీదుగా వచ్చేటప్పుడు లాగకూడదు. కట్టు జారకుండా పట్టి ఉంచేది ఫెట్‌లాక్ కీలు (గిట్టకు కాస్త పైనుండే కీలు) కింద నుంచి వేసే చుట్టే. చాలామంది దాన్నే వదిలేస్తారు. ఆ చుట్టు వేసి, గిట్ట అంచును కప్పుతున్న దూదిని కూడా పట్టీలోకి తీసుకుని పైకి రండి. మోకాలి కింద దూది ఒక సెంటీమీటరు బయటికి కనబడేటట్టు వదిలి, కొసను కాలి బయటి పక్కన అతికించండి. ఇన్సులేషన్ టేపు వేస్తే ఏటవాలుగా వేయండి. కాలి చుట్టూ ఉంగరంలా బిగిస్తే పట్టీ ఎంత బాగా చుట్టినా రక్తం అక్కడే ఆగిపోతుంది.

పై అంచులో ఒక వేలు కాస్త కష్టంగా దూరాలి. రెండు వేళ్లు హాయిగా దూరితే విప్పి మళ్లీ కట్టండి. వేలే దూరకపోయినా అంతే. ఒకేచోట బిగుసుకున్న కట్టు టెండన్‌ను దెబ్బతీస్తే కాలి వెనక విల్లులా వంపు తిరిగిన వాపు వస్తుంది. ఒక్కోసారి మానడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: బూట్లు వేయగానే మా గుర్రం వెనక కాళ్లు గాల్లోకి విసురుతూ తన్నుతోంది. రేపే ప్రయాణం.

జవాబు: రేపే ప్రయాణమైతే వెనక కాళ్లకు ఏమీ వేయకండి. అలవాటు లేని బూటును విదిలించుకోవడానికి ఇరుకు బండిలో తన్నులు మొదలుపెడితే కాళ్లు గోడకో పక్క గుర్రానికో తగులుతాయి. ఇంకోసారి ప్రయాణం ఉంటే పది రోజుల ముందు నుంచే లాయంలో రోజూ కాసేపు వేసి, కళ్లెం పట్టుకుని నడిపించండి. అది కాళ్లు మామూలుగా ఎత్తి వేస్తున్నదంటే అలవాటైనట్టే.

ప్రశ్న: మలుపుల్లో మా గుర్రం బండి గోడకు ఒరిగిపోయి కాళ్లు గబగబా తన్నుకుంటోంది. ప్రతిసారీ గిట్ట అంచు తెగుతోంది. ఇంకా మందపాటి బూట్లు వేయాలా?

జవాబు: బూట్లు ఎంత మందంవైనా ఇది ఆగదు. దానికి కాళ్లు చాపుకునే చోటు లేదు. కదిలే బండిలో గుర్రం నాలుగు కాళ్లూ వెడల్పుగా చాపి నిలదొక్కుకుంటుంది. మధ్య గోడ నేల దాకా చెక్కతో మూసి ఉంటే కాలు బయటికి చాపలేదు. అప్పుడు గోడకు ఒరుగుతుంది. ఒరిగిన కొద్దీ కాళ్లు కింద నుంచి జారిపోతుంటాయి, వాటిని మళ్లీ అందుకోబోయి తన కాలు తనే తొక్కుకుంటుంది.

మధ్య గోడ కింది సగం తీసేసి, ఆ చోట మందపాటి రబ్బరు తెర వేలాడదీయండి. కాలు చాపుకునే చోటు వస్తుంది, పక్క గుర్రాన్ని తొక్కే భయమూ తగ్గుతుంది. ఒక్క గుర్రమే వెళ్తుంటే గోడ మొత్తం తీసేసినా సరే. నేల మీద జారని రబ్బరు మ్యాట్, దాని మీద మూత్రం పీల్చేటట్టు రంపపు పొట్టు ఉండాలి. పొట్టు దుమ్ము లేస్తుంటే కాస్త తడపండి, అది ఊపిరితిత్తులకు పట్టకూడదు. మ్యాట్ ఎత్తి అడుగు చెక్కలు చూశారా? స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడే చెక్కను మార్చే దాకా ఆ బండిలో ఏ గుర్రాన్నీ ఎక్కించకండి.

మిగిలింది డ్రైవింగ్. బ్రేకు మలుపుకు ముందే అయిపోవాలి, మలుపు మధ్యలో కాదు. గుర్రం మళ్లీ నిటారుగా నిలబడ్డాకే వేగం పెంచాలి.

ప్రశ్న: ప్రయాణానికి ముందు లాడాలు పీకించాలా?

జవాబు: అవసరం లేదు. లాడాలకు అలవాటైన గిట్ట అవి లేకపోతే నొప్పి పుడుతుంది. జారకుండా లాడాలకు బిగించే స్టడ్లు మాత్రం తప్పకుండా విప్పండి. పైకి లేచిన మేకు కొసలు ఉంటే మడిపించండి. కొత్త లాడాలు ప్రయాణానికి వారం ముందే కొట్టించండి. మేకు లోపలి సున్నిత భాగాన్ని నొక్కుతుంటే ఆ కుంటు ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది.

ప్రశ్న: దించాక చూస్తే వెనక కాళ్లు రెండూ వాచి ఉన్నాయి. కంగారు పడాలా?

జవాబు: రెండు కాళ్లూ సమానంగా, చల్లగా వాచి, వేలితో నొక్కితే గుంట పడి, నొప్పి లేకపోతే అది కదలకుండా నిలబడినందుకు చేరిన నీరు. 15, 20 నిమిషాలు మెల్లగా నడిపిస్తే తగ్గుముఖం పడుతుంది. తగ్గలేదా, ఒక్క కాలే వాచిందా, వేడిగా ఉందా, కుంటుతోందా, అప్పుడు పశువైద్యుణ్ని పిలవండి. నొప్పి మాత్ర మీ అంతట మీరు వేయకండి. లక్షణాలు దాని చాటున దాక్కుంటాయి.

కట్టు విప్పగానే మళ్లీ కొత్తది చుట్టకండి. కాళ్లు ఆరాలి. చేత్తో పైనుంచి కిందికి తడిమి చూడండి, కంటికి కనబడని చిన్న వాపు వేళ్లకు తెలుస్తుంది. చిన్న గాయమైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కూడా చూసుకోండి. కీలు దగ్గరి గాయం నుంచి పసుపుపచ్చగా, వేళ్ల మధ్య తీగలా సాగే ద్రవం వస్తే ఆ గాయం ఎంత చిన్నదైనా అదే గంటలో వైద్యుడు చూడాలి. అది కీలు లోపలి ద్రవం కావచ్చు.

తర్వాతి రెండు మూడు రోజులు గిట్టలను పట్టించుకోండి. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ ఉంటే, మలుపు తిరగడానికి మొరాయిస్తే, గిట్టలు వేడెక్కి ఫెట్‌లాక్ దగ్గర నాడి బలంగా కొట్టుకుంటుంటే అది గిట్టవాపు వ్యాధి కావచ్చు. పొద్దునా సాయంత్రం ఉష్ణోగ్రత కూడా చూడండి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే కాళ్లు బాగానే ఉన్నా వైద్యుడికి చెప్పండి. తల పైకి కట్టి గంటల తరబడి నిలబెట్టిన గుర్రానికి ఊపిరితిత్తుల్లో చీము పట్టే ప్రమాదం ఉంది. దారిలో బండి ఆపిన ప్రతిసారీ తాడు వదులు చేసి, తల నేల దాకా దించుకోనివ్వమని చెప్పేది అందుకే.