పిల్స్ మొదలెట్టాక ఊరికే ఏడుపు, కోరిక కూడా లేదు... మాత్రల వల్లేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, పెళ్లయి ఏడాదిన్నర. ఇప్పుడే పిల్లలొద్దనుకుని నాలుగు నెలలుగా గర్భం రాకుండా పిల్స్ వాడుతున్నా. చిన్నదానికే ఏడుపొస్తోంది, మావారు దగ్గరికొస్తే చిరాకేస్తోంది. మాత్రలు ఆపేయనా?

జవాబు: మాత్రల వల్ల అయ్యుండొచ్చమ్మా. చాలామందికి ఏ తేడా ఉండదు, కొందరికైతే నెలసరి ముందొచ్చే చిరాకు తగ్గుతుంది కూడా, కానీ మీలా ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఎవరైనా 'అదంతా నీ భ్రమ' అంటే పట్టించుకోకండి. డెన్మార్క్‌లో పది లక్షల మందికి పైగా ఆడవాళ్ల రికార్డులు చూసి 2016లో ఒక స్టడీ వేశారు, హార్మోన్ పిల్స్ వాడేవాళ్లలో డిప్రెషన్ మందుల దాకా వెళ్లినవాళ్లు కాస్త ఎక్కువ, టీనేజ్ అమ్మాయిల్లో ఇంకా ఎక్కువ. మాత్రే కారణమని దాంతో తేలిపోలేదు గానీ కొట్టిపారేసే విషయమైతే కాదు.

ఇక కోరిక సంగతి. పిల్స్ అండాశయాలకి రెస్ట్ ఇస్తాయి, దాంతో అక్కడ తయారయ్యే, కోరికకి తోడ్పడే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ తగ్గుతుంది, పైగా మాత్రలోని ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వల్ల లివర్ ఒక ప్రొటీన్ ఎక్కువ చేస్తుంది, అది మిగిలిన టెస్టోస్టెరాన్‌ని కూడా పట్టేసుకుంటుంది. కొందరికి యోని పొడిబారి కలిసినప్పుడు నొప్పి వస్తుంది, నొప్పి ఉంటే ఇష్టం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? దానికి లూబ్రికెంట్ జెల్ వాడొచ్చు, సిగ్గుపడాల్సిందేం లేదు. ఈ మాట మీవారికీ చెప్పండి, లేకపోతే ఆయన తనమీద ఇష్టం పోయిందనుకుంటారు.

అయితే మాత్రలకి ముందే ఇలా ఉండేదా అన్నది ఒకసారి గుర్తుచేసుకోండి. థైరాయిడ్, రక్తం తక్కువుండటం, నిద్రలేకపోవడం, ఇంట్లో గొడవలు, ఇవన్నీ ఇలాగే చేస్తాయి, థైరాయిడ్ టెస్ట్ చేయించడం మంచిది.

స్ట్రిప్ మధ్యలో మాత్రం ఆపొద్దు, బ్లీడింగ్ కనిపిస్తుంది, గర్భం వచ్చే ఛాన్స్ కూడా ఉంది. ఉన్నది పూర్తిచేసి తర్వాత కండోమ్ వాడుతూ డాక్టర్‌ని కలవండి. వేరే రకం ప్రొజెస్టిన్ (పిల్స్‌లో ఉండే మరో హార్మోన్) ఉన్న పిల్ మార్చి చూడొచ్చు, హార్మోనే వద్దంటే కాపర్-టీ ఉంది, లేదా సర్కారు ఆస్పత్రుల్లో ఫ్రీగా ఇచ్చే ఛాయ మాత్ర, మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, కాకపోతే పీసీఓడీ ఉంటే అది పనికిరాదు.

చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే స్ట్రిప్ అయ్యేదాకా ఆగకండి, వెంటనే ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి, 14416 టెలీ మానస్‌కి (మానసిక ఇబ్బందులకి సర్కారు హెల్ప్‌లైన్) ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్ పట్టుకెళ్లండమ్మా, 'పింక్ కలర్‌ది' అంటే మాకు అర్థం కాదు.