గోడ మీద వాలింది దోమ కాదండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, కాలువ గట్టు పక్కనే ఇల్లు. వానలు పడ్డాక సాయంత్రం లైటు వేస్తే చాలు, అచ్చం దోమలాగే ఉండి దోమకి నాలుగైదింతలున్న పురుగులు వచ్చి గోడకి అతుక్కుంటున్నాయి. ఇంత పెద్ద దోమ కుడితే బోదకాలు వస్తుందేమో అని మా అత్తగారికి ఒకటే టెన్షన్. మందు కొట్టేయమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, కొట్టకండి. దాన్ని ఇంగ్లీషులో క్రేన్ ఫ్లై అంటారు, దోమకి దూరపు చుట్టమే గానీ కుట్టదు, రక్తం తాగదు. ఈసారి వాలినప్పుడు ఫోన్ లైటు వేసి దగ్గరగా చూడండి. దోమకైతే మూతి దగ్గర సూది ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, దీనికి ఆ సూదే లేదు. రెక్కల వెనక రెండు సన్నని పుల్లలు, వాటి చివర గుండుసూది తలల్లా చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా కాసేవి అవే. కొన్నిటికి పొట్ట చివర మొన ఉంటుంది, అది చూసి ముల్లనుకుంటారు, కానీ అది ఆడపురుగు తడిమట్టిలోకి గుడ్లు దించుకునే గొట్టం. పిల్లల్ని మాత్రం పట్టుకోనివ్వకండి, కాలు పట్టుకుంటే కాలు చేతిలోకి ఊడొచ్చేస్తుంది పాపం.

ఇంతకీ మీ ఇంటికే ఎందుకొస్తున్నాయంటే, వీటి పిల్లపురుగులకి కావలసినదంతా మీ చుట్టూనే ఉంది. కాలువ అంచు బురద, కొబ్బరి తోటలో కుళ్లిన మట్టలు, నరికి పడేసిన అరటి చెట్ల కింద చెమ్మ. అక్కడ మట్టిరంగులో, కాళ్లు లేకుండా, మందపాటి చర్మంతో పురుగులుంటాయి, ఊపిరి తీసుకునే రంధ్రాలు వెనక కొసన ఉంటాయి. ఎక్కువ జాతులు కుళ్లిన ఆకూ అలమూ తిని మట్టిలో కలుపుతాయి. రెక్కలొచ్చాక బతికేది కొద్ది రోజులే. యూరప్‌లో టిప్యులా పాలుడోసా అనే జాతి గడ్డి వేళ్లు కొరికి పచ్చిక మైదానాల్ని పాడుచేస్తుంది, అది చదివి ఇక్కడ కొబ్బరికి తెగులనుకోవద్దు. ఇవి దోమల్ని తింటాయనే మాట కూడా నిజం కాదు.

అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు, గోదావరి జిల్లాల్లో బోదకాలు బాధ ఎంతమంది పడ్డారో ఆవిడ కళ్లారా చూసే ఉంటారు. కానీ దాన్ని మోసుకొచ్చేది మామూలు క్యూలెక్స్ దోమ, అది పుట్టేది మురుగునీటిలో. కాబట్టి మందు డబ్బులతో సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి వల కట్టించండి, పెరట్లో మురుగు నిలవకుండా చూసుకోండి. గోడ మీద వాలిన క్రేన్ ఫ్లై మీద గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్టముక్క తోసి బయట వదిలేయండి. వదిలే ముందు ఆ మూతి ఒకసారి అత్తగారికి చూపించండి.