పెరట్లోకి సీతాకోకచిలుకలు రావాలంటే ముందు కరివేపాకు మీద ఆశ వదులుకోండి

"ఇంటి పెరట్లోకి పిట్టలు, సీతాకోకచిలుకలు రావాలంటే ఏ మొక్కలు వేయాలి, ఎంత ఖర్చవుతుంది?" అని అడిగారు. ఖర్చు సంగతి ముందు చెప్పేస్తాను. నాకైతే ఏమీ కాలేదు. ఊడ్చడం కాస్త తగ్గించాను, మందు కొట్టడం పూర్తిగా మానేశాను. మొక్కల పేర్లు కూడా చెప్తాను కానీ, అంతకంటే ముందు ఇంట్లోవాళ్లని ఒప్పించుకోవాలి. కష్టమంతా అక్కడే.

మాది తణుకు. 200 గజాల స్థలంలో ఇల్లు పోగా వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు మిగిలింది. అందులో తులసికోట, మందారం, నిమ్మ మొక్క, గోడవారగా గన్నేరు, మధ్యలో కరివేపాకు చెట్టు. ఆ చెట్టు మా అత్తయ్యగారిది. పుల్లమజ్జిగ పోసి పెంచారు. మా వీధిలో సగం ఇళ్ల పోపులు దాని మీదే నడిచేవి.

మొన్న ఆషాఢం చివర్లో ఒకరోజు నల్ల సీతాకోకచిలుక ఒకటి, వెనక రెక్కల మీద తెల్ల చుక్కల వరస ఉన్నది, చెట్టు చుట్టూ తెగ తిరిగింది. పువ్వు కోసం కాదు, చెట్టుకి అప్పుడు పువ్వే లేదు. నాలుగైదు రోజులకి లేత ఆకుల మీద పిట్ట రెట్టలు కనిపించాయి. మర్నాడు చూస్తే ఆ రెట్టలు కాస్త పక్కకి జరిగి ఉన్నాయి. పురుగులు! ఆ సీతాకోకచిలుక పెట్టిన గుడ్లలోంచి వచ్చినవి. పిట్టలు తినకుండా ఆ వేషం. లెక్కపెడితే 11. పెద్దయ్యాక వేషం మార్చి ఆకుపచ్చగా, చిటికెన వేలంత అయ్యాయి.

అప్పటికి వరలక్ష్మీ వ్రతం ఇంకా నాలుగు రోజులుంది. అత్తయ్యగారు వేపనూనె సీసా పట్టుకుని వచ్చేశారు. "అమ్మాయ్, శుక్రవారం పులిహోర పోపులో ఏం వేస్తావు, ఈ పురుగుల్నా?" అన్నారు. నేను అడ్డం నిలబడ్డాను. ఆవిడ ఊరుకోకుండా ఒక పుల్ల తీసుకుని ఒకదాన్ని పొడిచారు. దాని తల వెనక నుంచి ఎర్రగా రెండు కొమ్ములు బయటికి వచ్చాయి, పుల్లటి పాడు వాసన కొట్టింది. "ఓసి దీని దుంపతెగ!" అని పుల్ల అక్కడే పారేసి నాలుగడుగులు వెనక్కి వేశారు. కానీ, అంత చిన్న పురుగు తన మీదికి కొమ్ములు విసరడం ఎందుకో ఆవిడకి నచ్చింది. పై కొమ్మలు పురుగులకి, కింది కొమ్మలు మాకు అని ఒప్పందం కుదిరింది.

ఒప్పందం సంగతి పురుగులకి తెలియదు కదా. గురువారం సాయంత్రానికి చెట్టంతా ఈనెలే. పులిహోరకి కరివేపాకు మావారు రైతుబజారు నుంచి తెచ్చారు. ఆ పూటంతా ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇంతలో 11 కాస్తా ఏడైంది, ఏడు మూడైంది. ఎవరు తీసుకుపోతున్నారా అని చూస్తే, పికిలిపిట్టల జంట. మందారంలో గూడు పెట్టాయి. అడిగిన మీకు అసలు జవాబు ఇదే. పిట్టలు రావాలని అందరూ గింజలు చల్లుతారు, కొయ్య గూళ్లు కొని తగిలిస్తారు. పిట్ట పిల్లలకి గింజలు సరిపోవు, పురుగులు కావాలి. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లల నోట్లో పురుగే పెడుతుంది. మా చిన్నప్పుడు వసారాలో వరి కుచ్చులు వేలాడదీసేవాళ్లం, పిచ్చుకలు వచ్చేవి. ఇప్పుడూ కడుతున్నారు, ఫొటోలు బాగానే వస్తున్నాయి. కానీ చుట్టూ పురుగన్నది లేకుండా మందు కొట్టి కుచ్చు కడితే అవి పిల్లల్ని దేనితో పెంచుతాయి?

మిగిలిన మూడింట్లో ఒకటి చెట్టు దిగి తులసికోట పక్క గోడకి, నడుముకి పట్టుదారం చుట్టుకుని అతుక్కుంది, ఎండుటాకు ముక్కలాంటి గూడుగా మారిపోయింది. అత్తయ్యగారు కోటకి పసుపు రాసేటప్పుడు ఆ పక్క మాత్రం వదిలేసేవారు. పది రోజులకి సీతాకోకచిలుక వస్తుందన్నాను. పదిహేను దాటినా రాలేదు. ఒకరోజు పొద్దున దానికి సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు. అందులోంచి ఆవగింజలో సగం ఉన్న మెరిసే ఈగల్లాంటివి ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అవి కందిరీగల జాతివి. గూడు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే లోపల గుడ్లు పెట్టి పోతాయి. "చెట్టంతా మేపింది వీటికా?" అన్నారు అత్తయ్యగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు, కానీ సీతాకోకచిలుక మాత్రమే రావాలి, ఇంకేదీ రాకూడదు అంటే కుదరదు.

సరే, మొక్కలు. కరివేపాకు, నిమ్మ, మారేడు ఈ నల్ల రెక్కల జాతికి. గన్నేరు వేస్తే ఆకు కింద వెండి లోలాకులా మెరిసే ఇంకో జాతి సీతాకోకచిలుక గూడు వేలాడుతుంది, తప్పక చూడాలి. జిల్లేడు మొలిస్తే పీకకండి, రథసప్తమికి ఆకులూ దొరుకుతాయి, నారింజ రంగు సీతాకోకచిలుకలూ వస్తాయి. మందారం అయితే రేకుది వేయండి. నర్సరీలో అడిగితే ముద్దమందారమే అంటగడతారు. దాని నిండా రేకులే, తేనెపిట్ట ముక్కు పెట్టడానికి దారే ఉండదు. "సీతాకోకచిలుకల మొక్కలు" అని ఖరీదైన విదేశీ పూల మొక్కలు అమ్ముతారు చూడండి, వాటి మీద వాలి తేనె తాగి పోతాయి, గుడ్లు పెట్టడానికి మన మొక్కలే వెతుక్కుంటాయి.

ఎండుటాకులు ఒక మూలకి పోగేస్తాను. దానికి పక్కింటి మాష్టారు పెద్ద గొడవ చేశారు, పాములొస్తాయమ్మా అని. ఆయన పెరడు మొత్తం టైల్స్ వేయించేశారు, వేసవిలో మా గోడ దగ్గర కూడా ఆ వేడి తెలుస్తుంది. పామంటే భయం అబద్ధమేం కాదు. ఒకసారి జెర్రిపోతు వచ్చింది, ఎలుకల కోసం. అందుకే పోగు గుమ్మానికి దూరంగా పెడతాను, అందులో ఉత్త చెయ్యి పెట్టను, రాత్రి టార్చి లేకుండా వెనక్కి వెళ్లను. పిట్టలకి పెట్టే మట్టి పళ్లెంలో నీళ్లు మాత్రం రెండు రోజులకోసారి పారబోసి, పళ్లెం తోమి పెట్టండి. లేకపోతే దోమల్ని పెంచినట్టే.

కరివేపాకు వీలైతే రెండు మొక్కలు వేసుకోండి, మాకైతే చోటు లేదు. ఇప్పుడు చెట్టు మళ్లీ చిగురు వేసింది. కింది కొమ్మలకి అత్తయ్యగారు తన పాత వాయిల్ చీర చుట్టేశారు, ఆ భాగం పోపులకి. చెట్టుకి చీరెందుకని వచ్చినవాళ్లంతా అడుగుతారు. మొన్న పాలు పోయడానికి వచ్చినావిడ అడగనైనా లేదు, గిన్నె కింద పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లింది.