ఆగస్టు 22: చెన్నపట్నం తేదీల చిక్కులు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఆగస్టు దగ్గరపడితే చెన్నైలోని తెలుగు సంఘాలు, బడులు, అపార్టుమెంట్ల వాళ్లు గోడపత్రికలు, క్విజ్‌లు మొదలుపెడతారు. మద్రాసు దినం గురించి, ఆ తేదీతో ముడిపడిన మనుషుల గురించి వచ్చిన ప్రశ్నల్లో పదిమందికీ పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మా సంఘం నోటీసు బోర్డు మీద "1639 ఆగస్టు 22న మద్రాసు పుట్టింది" అని రాశాం. ఒక పెద్దాయన వచ్చి, జూలై 22 అని ఉన్న పుస్తకం తెచ్చి చూపించారు. ఏది ఉంచమంటారు?
– అంబత్తూరు పాఠకుడు

జవాబు: ఆగస్టు 22నే ఉంచండి. మార్చాల్సింది తేదీ కాదు, "పుట్టింది" అన్న మాట. తిరువళ్లిక్కేణి పార్థసారథి గుడిలో పల్లవ దంతివర్మ నాటి శాసనం ఉంది. మైలాపూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊళ్లు ముందునుంచీ ఉన్నాయి. ఆ రోజు జరిగింది ఒక కౌలు ఇవ్వడం. చంద్రగిరి రాయల కింద వందవాసి నుంచి ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసపట్నంలో కోట కట్టుకునే వీలు, నాణేలు ముద్రించుకునే హక్కు, సుంకాల్లో వాటా ఇస్తూ ఈస్టిండియా కంపెనీకి రాయించిన కౌలు అది. బోర్డు మీద "కంపెనీకి కౌలు దొరికిన రోజు" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

పెద్దాయన పుస్తకం కల్పించిందేమీ లేదు. 1640 తర్వాతి కాగితాల్లో జూలై 22 అనే కనిపిస్తుంది. చిక్కల్లా కంపెనీ తరఫున బేరమాడిన ఫ్రాన్సిస్ డే మద్రాసపట్నం చేరిందే జూలై 27న. మనిషి ఊళ్లో అడుగుపెట్టకముందే ఆ ఊళ్లో కౌలు చేతికి రాదు కదా! నకలు రాసేటప్పుడు నెల తప్పు పడి ఉంటుందని చరిత్రకారులు ఆగస్టుకు జరిపారు. కాబట్టి ఆగస్టు 22 కాగితం మీద కనిపించిన తేదీ కాదు, తర్కంతో నిలబెట్టిన తేదీ. ఈ ముక్క కూడా బోర్డు కింద చిన్న అక్షరాల్లో వేయండి, పెద్దాయన కూడా సంతోషిస్తారు.

చెన్నపట్నం అన్న పేరుకు మాత్రం తెలుగులోనే సాక్ష్యం ఉంది. వెంకటాద్రి సోదరుడు దామెర్ల అంకభూపాలుడు రాసిన ఉషాపరిణయంలో, ప్రళయకావేరికీ మైలాపూరుకూ నడుమ తమ తండ్రి చెన్నప్ప పేరిట అన్న అయ్యప్ప చెన్నపట్నం కట్టించాడని ఉంది. ప్రళయకావేరి అంటే నేటి పులికాట్, అప్పట్లో డచ్చివాళ్ల స్థావరం. మైలాపూరు పక్క శాంథోంలో పోర్చుగీసువాళ్లు. ఈ ఇద్దరి మధ్యా ఊరు వెలసిందన్నమాట. అయ్యప్ప పూనమల్లిలో ఉండేవాడు. మద్రాసు దినం క్విజ్‌లలో తరచూ వెంకటాద్రి ఒక్కడి పేరే అడుగుతారు, అయ్యప్పను వదిలేయకండి.

ప్రశ్న: కోట కట్టడానికి కంపెనీ అధికారులు డే, కోగన్ తమ పాత స్థావరం దుగరాజపట్నం నుంచి "1639 ఫిబ్రవరి 20న" వచ్చారని ఒకచోట చదివాను. కౌలే ఆగస్టులో దొరికితే ఫిబ్రవరిలో ఎలా వస్తారు? అచ్చుతప్పా?
– పెరంబూరు పాఠకురాలు

జవాబు: అచ్చుతప్పు కాదు. 1752కు ముందు ఇంగ్లీషువాళ్ల కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. కౌలు దొరికిన ఆగస్టు వాళ్లకు 1639. తర్వాతి ఫిబ్రవరి కూడా 1639లోనే పడింది. మన లెక్కలో అది 1640 ఫిబ్రవరి 20. జాగ్రత్తగల పుస్తకాలు ఇలాంటి తేదీని 1639/40 అని గీత పెట్టి రాస్తాయి. గీత ఊడిపోయిన పుస్తకాల దగ్గరే తికమక. ఆ ఏప్రిల్ 23న, సెయింట్ జార్జి పండుగనాడు, కోటలో మొదటి భాగం ముగిసింది. అది 1640. కోటకు పేరు ఆ పండుగ నుంచే.

పాత కంపెనీ తేదీలు చూసేటప్పుడు పాటించాల్సిన వరస ఇది. కాగితం ఇంగ్లీషువాళ్లదా, ఫ్రెంచివాళ్లదా, పోర్చుగీసువాళ్లదా అన్నది ముందు చూడండి. ఇంగ్లీషుదై, 1752కు ముందుదై, తేదీ జనవరి 1 – మార్చి 24 మధ్య ఉంటే సంవత్సరానికి ఒకటి కలపండి. ఈ రోజుల లెక్కకు తేదీ కూడా కావాలంటే 1700 ఫిబ్రవరి నెలాఖరు దాకా పది రోజులు, ఆ తర్వాత 1752 సెప్టెంబరు 2 దాకా పదకొండు రోజులు కలపండి. ఆ సెప్టెంబరు 2 మర్నాడు ఇంగ్లండులో నేరుగా 14వ తేదీ వేశారు. పోర్చుగీసు, ఫ్రెంచి కాగితాలకు ఇవేవీ కలపకూడదు, వాళ్లు 1582లోనే మారారు. 1746లో మద్రాసు ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కిన రోజు ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబరు 10, ఫ్రెంచి లెక్కలో సెప్టెంబరు 21. ఒకే రోజు అది. రెండు పుస్తకాలు ముందుపెట్టుకుని "పదకొండు రోజులు యుద్ధం జరిగింది" అని రాసినవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

ఈ లెక్కన కౌలు రోజు ఇప్పటి క్యాలెండర్‌లో 1639 సెప్టెంబరు 1 అవుతుంది. వారం గురువారం. మీ ఫోన్‌లో 1639 ఆగస్టు 22 కొట్టి చూస్తే సోమవారం చూపించవచ్చు. ఫోన్ ఇప్పటి క్యాలెండర్‌నే వెనక్కి సాగదీస్తుంది, అందుకే ఆ తేడా. మరి పండుగను సెప్టెంబరుకు జరపాలా? అక్కర్లేదు. సంవత్సరం సరిచేసి, నెలా తేదీ కాగితంలో ఉన్నట్టే ఉంచడం చరిత్ర పుస్తకాల్లో వాడుక. ఆగస్టు 22నే మద్రాసు దినంగా జరపడం 2004లో పాత్రికేయులు ఎస్. ముత్తయ్య, శశి నాయర్, విన్సెంట్ డిసౌజా మొదలుపెట్టారు.

ప్రశ్న: మా బడిలో "ఈ రోజున" అని ఆగస్టు 22కు బోర్డు పెడుతున్నాం. మద్రాసు కాక ఇంకేం రాయవచ్చు? తప్పులు రాకుండా చెప్పండి.
– వేళచ్చేరి ఉపాధ్యాయురాలు

జవాబు: పిల్లలు ముందు అడిగేది చిరంజీవినే. 1955 ఆగస్టు 22న మొగల్తూరులో పుట్టారు, అసలు పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్. మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకున్నారు కాబట్టి ఊరి బోర్డుకు బాగా కుదురుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆయన తొలిసారి తెరమీద కనిపించిన ప్రాణం ఖరీదు విడుదల 1978 సెప్టెంబరు 22. గిన్నిస్ రికార్డు పత్రం అందుకున్నది 2024 సెప్టెంబరు 22. పుట్టినరోజు ఆగస్టుది, మిగతా రెండూ సెప్టెంబరువి. మూడూ ఇరవై రెండే కావడంతో పిల్లలు కలిపేస్తారు.

మేడం కామా కూడా తప్పక ఉండాలి. 1907 ఆగస్టు 22న జర్మనీలోని స్టుట్‌గార్ట్ సోషలిస్టు మహాసభలో ఆమె భారతదేశపు జెండా ఎగరేశారు. మధ్యపట్టీ మీద వందేమాతరం అని నాగరి లిపిలో ఉన్న జెండా అది. పక్కన ఇప్పటి త్రివర్ణ పతాకం బొమ్మ అతికిస్తే తప్పవుతుంది.

మన ఊరికి దగ్గరగా ఇంకొకటి: వారన్ హేస్టింగ్స్ 1818 ఆగస్టు 22న పోయాడు. బెంగాల్‌కు వెళ్లకముందు 1769 నుంచి మద్రాసు కౌన్సిల్‌లో రెండో స్థానంలో పనిచేశాడు. పుట్టింది పాత లెక్కలో 1732 డిసెంబరు 6, కొత్త లెక్కలో 17. బోర్డు మీద మరణ తేదీ చాలు.

మిగతావి ఒక్కో వరసలో తేల్చేయవచ్చు. మొదటి జెనీవా ఒప్పందం మీద పన్నెండు దేశాల సంతకాలు, 1864. ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ జననం, 1862. చైనా నాయకుడు డెంగ్ షియావోపింగ్ జననం, 1904. ఛాయాచిత్రకారుడు కార్టియే-బ్రెస్సాఁ జననం, 1908. కన్నడ రచయిత యు.ఆర్. అనంతమూర్తి మరణం, బెంగళూరులో, 2014. మూడుసార్ల తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు అయిదుగురిలో ముగ్గురి మెజారిటీతో తీర్పిచ్చింది 2017లో. ఇందులో నాలుగు ఎంచుకోండి, అన్నీ ఎక్కిస్తే బోర్డు ఎవరూ చదవరు.

ఎక్కించకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏటా ఇవే దూరుతుంటాయి. టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టింది మర్నాడు, 1872 ఆగస్టు 23. గిడుగు రామమూర్తి పంతులుది ఆగస్టు 29. జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చింది 1914 సెప్టెంబరు 22 రాత్రి. మద్రాసు కార్పొరేషన్ మొదలైంది 1688 సెప్టెంబరు 29. తమిళనాడు దినం జూలై 18. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు కోరుతూ 1967లో శాసనసభ తీర్మానించిన రోజది. నగరం పేరు చెన్నైగా మారడం 1996 నాటి మాట, దానికీ దీనికీ సంబంధం లేదు.

ప్రశ్న: పిల్లల్ని తీసుకుని ఒక్క పూటలో కౌలు నాటి చోట్లు చూపించాలంటే ఎలా వెళ్లాలి?
– కొళత్తూరు పాఠకుడు

జవాబు: ముందు వారం చూసుకోండి. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. 2025లో ఆగస్టు 22 శుక్రవారమే పడింది, మళ్లీ అలా పడేది 2031లో.

హైకోర్టు మెట్రో స్టేషన్‌లో పొద్దున్నే దిగండి. మొదట పూలబజారు వైపు దేవరాజ ముదలి వీధిలోని చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుల గుళ్లు. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు కాబట్టి వీటినే ముందు పెట్టుకోవాలి. కంపెనీ దుబాసీ బేరి తిమ్మప్ప కాలంనాటి గుడి ఇప్పటి హైకోర్టు ఉన్నచోట ఉండేది. ఫ్రెంచివాళ్ల నుంచి ఊరు తిరిగి చేతికొచ్చాక, శత్రువు దాక్కునే చాటు కోట ఎదుట ఉండకూడదని ఇంగ్లీషువాళ్లు అక్కడి పాత నల్లవాళ్ల పట్టణాన్ని (స్థానికులుండే బ్లాక్ టౌన్) నేలమట్టం చేశారు. గుళ్లు ఇవతలికి వచ్చాయి. ఆ ఖాళీ జాగా హద్దుకు నాటిన రాతి స్తంభాల్లో ఒకటి పారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఇంకా నిలబడే ఉంది. అది చూపించి, అక్కణ్నుంచి కోట దిక్కుకు తిరగమనండి, ఎందుకు ఖాళీ చేశారో పిల్లలకు పాఠం చెప్పకుండానే తెలుస్తుంది. హైకోర్టు తూర్పు గోడకు ఎమ్డెన్ గుండు పడిన గుర్తుగా ఫలకం కూడా ఉంది.

ఆ తర్వాత కోట. సచివాలయం లోపలే ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. పెద్దవాళ్లు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు పెట్టుకోవాలి, కెమెరా ఎక్కడ తీయవచ్చో కాపలావాళ్లనే అడగండి. "ఇదే 1640 కోట" అని మాత్రం చెప్పకండి. డే, కోగన్ కట్టించిన లోకోట ఎప్పుడో పోయింది. మీరు చూసే బురుజులు, కందకం చాలావరకు పద్దెనిమిదో శతాబ్దానివి. లోపల అన్నిటికన్నా పాతగా మిగిలింది సెయింట్ మేరీ చర్చి. దానికి పునాది వేసింది 1678 మార్చి 25, అంటే పైన చెప్పిన ఇంగ్లీషువాళ్ల పాత సంవత్సరాది నాడే. 1680 అక్టోబరు 28న తెరిచారు. మ్యూజియంలో నాణేల గది దగ్గర ఎక్కువసేపు ఆగండి, ఆయుధాల దగ్గర పిల్లలే ఆగుతారు.

ప్రశ్న: మా అబ్బాయి 2001 ఆగస్టు 22న, వినాయక చవితి నాడు పుట్టాడు. తేదీ, తిథి మళ్లీ ఎప్పుడు కలుస్తాయి? అలాగే మద్రాసు కౌలును మన సంవత్సరాల్లో ఎలా చెప్పాలి?
– తాంబరం పాఠకురాలు

జవాబు: ఒకసారి కలిసిపోయాయి కూడా. 2020 ఆగస్టు 22న వినాయక చవితే. పందొమ్మిదేళ్లకు ఇలా వస్తుంది. పందొమ్మిది సౌర సంవత్సరాల్లో 228 నెలలకు తోడు ఏడు అధికమాసాలు పడి 235 చాంద్రమాసాలు అవుతాయి, రోజుల్లో సుమారు 6,939.7. మన క్యాలెండర్‌లో పందొమ్మిదేళ్లంటే మధ్యలో అయిదు లీపు రోజులు ఉంటే 6,940, నాలుగే ఉంటే 6,939. మీవాడి మొదటి పందొమ్మిదేళ్లలో అయిదు పడ్డాయి, సరిపోయింది. 2020 నుంచి 2039కి నాలుగే. అందువల్ల ఈసారి చవితి ఒక రోజు ఆలస్యంగా 23న పడే వీలుంది. 2039 పంచాంగం వచ్చాక చూసి నిర్ణయించుకోండి.

రెండో దానికి: ఉగాది తర్వాతి తేదీ అయితే క్రీస్తు శకం నుంచి 78 తీసేయండి, ఉగాదికి ముందైతే 79. అలా వచ్చింది శాలివాహన శకం, 1639కి 1561. దానికి 12 కలిపి 60తో భాగించండి. 1573లో శేషం 13. ప్రభవ నుంచి పదమూడోది ప్రమాథి. కాబట్టి శక వర్షం 1561, ప్రమాథి నామ సంవత్సరం. శేషం సున్నా వస్తే అక్షయ. ప్రభుత్వ గెజెట్‌లో వాడే జాతీయ క్యాలెండర్ వేరు, అందులో ఆగస్టు 22 ఎప్పుడూ శ్రావణం 31. పంచాంగంలోని శ్రావణంతో దాన్ని కలపకండి.

ప్రశ్న: పాత పత్రికలు చూసి తేదీలు సరిచూసుకోవాలంటే చెన్నైలో ఎక్కడికి వెళ్లాలి?
– మాధవరం పాఠకుడు

జవాబు: ఎగ్మూరులో రెండూ దగ్గరదగ్గరే. అచ్చు పుస్తకాలకు, పత్రికలకు కన్నెమరా గ్రంథాలయం, కంపెనీ కాగితాలకు తమిళనాడు రాష్ట్ర ఆర్కైవ్స్. ఆర్కైవ్స్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి కాబట్టి ఏ సంవత్సరం, ఏ విషయం అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. వీలైతే ముందు కన్నెమరాలో 1913లో వచ్చిన హెచ్.డి. లవ్ మద్రాసు చరిత్ర సంపుటాలు అడగండి. వాటికి విడిగా సూచిక సంపుటం ఉంది, పేరు పట్టుకుని పుట వెతుక్కోవచ్చు. పత్రికలు తిరగేసేటప్పుడు 22న జరిగిన సంగతికి 23 సంచిక, రాత్రి పొద్దుపోయాక జరిగిందైతే 24 సంచిక కూడా తెప్పించుకోండి. పత్రిక మీద అచ్చయిన తేదీనే సంఘటన తేదీగా రాసుకోవడం వల్ల పుట్టిన తప్పులే ఎక్కువ.