ఐక్లర్ ఇంటి వంటగదిని దాని తీరు చెడకుండా ఎలా మార్చుకోవాలి?

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 1950ల నాటి ఐక్లర్ ఇల్లు కొన్నామని, వంటగదిని కొత్తగా చేయించుకుంటూనే ఇంటి తీరును ఎలా కాపాడుకోవాలని మీరు అడిగారు. జోసెఫ్ ఐక్లర్ కట్టించిన ఈ ఇళ్లలో పైకప్పు దూలాలు బయటికే కనిపిస్తాయి, అటక ఉండదు, చాలావాటిలో ఇంటిని వెచ్చబరిచే వేడినీటి గొట్టాలు కాంక్రీటు నేలలోనే ఉంటాయి. కాబట్టి రంగులు, రాళ్లు ఎంచుకునే ముందే ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

సింకును మరోచోటికి జరపాలంటే నేల పగలగొట్టాలి. అంతకుముందే హీటింగ్ నడిపించి, థర్మల్ కెమెరాతో గొట్టాల దారిని గుర్తించి, నేల మీద సుద్దతో గీయించండి. వీలైతే సింకును ఉన్నచోటే ఉంచడం మేలని నా అభిప్రాయం. పాత ఫ్లోరింగ్ పలకల్లోనూ, వాటి కింది నల్లటి జిగురులోనూ ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) ఉండవచ్చు గనుక పరీక్ష చేయించకుండా వాటిని పెకలించకూడదు.

మన తాలింపు ఘాటుకు బయటికి గాలి పంపే చిమ్నీ తప్పనిసరి. అటక లేదు కనుక దాని గొట్టాన్ని దాచే చోటు ఉండదు; దూలాన్ని కోయకుండా, రెండు దూలాల మధ్య నుంచి నేరుగా కప్పు మీదికి గానీ, బయటి గోడలోంచి గానీ తీసుకువెళ్లాలి.

అల్మారాలకు చెక్కడాలు లేని చదునైన చెక్క తలుపులే నప్పుతాయి. పాత జరుపుడు తలుపులు మిగిలి ఉంటే మాత్రం దయచేసి పారేయకండి; గాడిలో పేరుకున్న జిడ్డు తీయించి, మళ్లీ వాడుకోండి.