చట్టం వచ్చింది కదా, పంపొచ్చా?

ప్రశ్న: మేడమ్, మేం డాలస్‌లో ఉంటాం. మా బాబుకి 15 ఏళ్లు, స్కూల్‌కి వెళ్లనంటాడు, ఇంట్లో రోజూ గొడవే. యూటాలో ఏదో రెసిడెన్షియల్ ప్రోగ్రామ్ (పిల్లల్ని అక్కడే ఉంచుకుని ప్రవర్తన మారుస్తామనే సెంటర్) ఉంది అక్కడ పెట్టమంటున్నారు తెలిసినవాళ్లు. పిల్లల రక్షణకి కొత్త చట్టం వచ్చిందిగా, ఇక భయం లేదా?

జవాబు: అమ్మా, ఆ చట్టాన్ని నమ్ముకుని మాత్రం పంపకండి. 2024 డిసెంబర్‌లో బైడెన్ సంతకం పెట్టింది నిజమే, కానీ అది ముఖ్యంగా ఇలాంటి సెంటర్లలో ఏం జరుగుతుందో నేషనల్ అకాడమీస్ అనే నిపుణుల సంస్థతో స్టడీ చేయించే చట్టం, రేపు వెళ్లి ఒక సెంటర్‌కి తాళం వేసే పవర్ దానికి లేదు.

అసలు పట్టు ఉన్నది రాష్ట్ర చట్టాల్లో. టీనేజ్‌లో అలాంటి చోటే ఉండొచ్చిన టీవీ సెలబ్రిటీ పారిస్ హిల్టన్ 2021లో యూటా చట్టసభ ముందు కూర్చుని, బలవంతంగా మాత్రలు మింగించారని, ఒంటరి గదిలో పెట్టారని చెప్పింది, ఆ ఏడాదే అక్కడ చట్టం మారింది. ఏడాదికి 4 తనిఖీలు, పిల్లాడు వారానికోసారి ఇంటివాళ్లతో ప్రైవేటుగా మాట్లాడే హక్కు వచ్చాయి. ఈ రెండోది చాలా పెద్ద విషయమమ్మా, ఎందుకంటే పక్కన స్టాఫ్ నిలబడి వింటుంటే ఏ పిల్లాడైనా "బాగానే ఉన్నా మమ్మీ" అనే అంటాడు.

ముందు మీ ఊళ్లోనే పిల్లల సైకియాట్రిస్ట్‌కి చూపించండి. అయినా పంపక తప్పదంటే లైసెన్స్, తనిఖీ రిపోర్టులు అడగండి, మీరే వెళ్లి చూడండి, మొదటి కొన్ని వారాలు ఫోన్ ఉండదని అంటే అక్కడినుంచే బాబుని వెనక్కి తెచ్చేసుకోండి.